చెవిలో చెప్పిన పేరు

నాకు దెయ్యాల మీద నమ్మకం లేదు. సర్వర్ల మీద ఉంది. చెప్పింది చేస్తాయి, చెప్పనిది చెయ్యవు. మార్కాపురంలో ఇంట్లో కూర్చునే హైదరాబాదు కంపెనీకి పని చేస్తాను. అందుకని మా చుట్టాల్లో ఎవరి ఫోన్ మొరాయించినా "కేథరిన్ చూస్తుందిలే" అని నా నెత్తిన పడేస్తారు. అక్క కొడుకు పేరు పెట్టే పని కూడా అట్లాగే నా నెత్తిన పడింది.

అక్క ఎలీషబాది కొనకనమిట్ల దగ్గర పల్లె. జయపాల్ బావ గల్ఫులో తాపీపని చేస్తాడు. అక్క కడుపుతో ఉన్నప్పుడే విమానం ఎక్కాడు. ఆయన ఉన్న దేశంలో ఫోన్లో వీడియో కాల్స్ సాగనివ్వరు. ఫోటోలు పోతాయి, గొంతు రికార్డు చేసి పంపితే పోతుంది, అంతే. బిడ్డకు మూడో నెల. ఆదివారం పాస్టరుగారు వచ్చి ప్రార్థన చేసి ఎజ్రా అని పేరు పెడతారు. ఆ పేరు అందరికంటే ముందు తన నోటితో బిడ్డకు చెప్పాలని బావ ఆశ.

"నా గొంతు విని వాడు ఒక్కసారి తల తిప్పితే చూడాల చిన్నమ్మీ. ఇంకేమొద్దు నాకు," అని నాకు గొంతు రికార్డు చేసి పంపాడు. అది విని నేనూ కళ్లు తుడుచుకున్నాను, అబద్ధమెందుకు.

దానికి ఒక దారి ఉంది. ఎక్కడో ఉన్న కంప్యూటర్ ఒకటి అద్దెకు తీసుకుని, దాని మీద ప్రాక్సీ పెట్టాలి. ప్రాక్సీ అంటే మధ్యవర్తి. పల్లె నుంచి బస్సు డ్రైవర్ చేతికి అన్నం క్యారేజీ ఇచ్చి టౌనుకు పంపుతాం చూడండి, అట్లా. బావ ఫోన్ తన కాల్‌ను ఆ అద్దె కంప్యూటర్ చేతికి ఇస్తే, అది తెచ్చి మాకిస్తుంది. మోసేవాడు క్యారేజీ మూత తీసి చూడలేడు, తాళం ఉంటుంది. ఈ సంగతి నాకు బాగా తెలుసు. అందుకే ఆ రోజు జరిగింది ఇప్పటికీ మింగుడుపడదు.

శనివారం సాయంత్రం అక్క ఇంట్లో లాప్‌టాప్ పెట్టుకుని కూర్చున్నాను. సర్వర్ సింగపూర్‌లో తీసుకున్నాను. రేకుల కింద ఉక్కగా ఉంది. బిడ్డకు నీళ్లు పోసే పక్కింటి యల్లమ్మవ్వ సాంబ్రాణి పొగ వేస్తూ నా వైపు చూసింది.

"ఏంది తల్లీ, ఇందాకటి నుంచి అదే పని?"

"బావ మాట్లాడేదానికి దారి వేస్తున్నా అవ్వా."

"దారి వేస్తే వాడొక్కడే వస్తాడా?"

నేను నవ్వాను. పాస్‌వర్డ్ పెట్టేది అందుకే. కానీ బావ ఫోన్ తెర సగం పగిలిపోయింది, అందులో అక్షరాలు కొట్టడం ఆయనకు గండం. అక్క నా భుజం మీద చెయ్యి వేసింది. "అదేందో లేకుండా పెట్టవే. రేపటి దాకానే గదా. మన దాంట్లోకి ఎవరొస్తారు?"

నాకూ అదే అనిపించింది. పాస్‌వర్డ్ లేకుండా తెరిచేశాను. నొక్కితే చాలు కలిసేటట్టు లింకు ఒకటి తయారుచేసి బావకు పంపాను.

"పసిబిడ్డ ఉండే ఇల్లు. దీపాలవేళ గడియ పెట్టుకోండి. బయట ఎవరన్నా పిలిస్తే ఊఁ అనొద్దండి," అంది అవ్వ, వెళ్తూ.

"ఆధార్ కార్డు చూసే రానిస్తాంలే అవ్వా," అన్నాను. అయినా ఆమె మాట మీద గౌరవంతో గడియ పెట్టాను.

చీకటి పడేసరికి వాన మొదలైంది. వానతో పాటు కరెంటు పోయింది. అవ్వ మేకలు పక్క కొట్టంలో ఉండుండి అరుస్తున్నాయి. గదిలో నా లాప్‌టాప్ వెలుగు తప్ప ఏమీ లేదు. బిడ్డ ఎందుకో గుక్కపట్టి ఏడుస్తున్నాడు. అక్క వాణ్ణి భుజాన వేసుకుని తిప్పుతోంది.

తెర మీద అంకె మారింది. సర్వర్‌కు ఒకరు కలిశారు.

"అక్కా, బావ వచ్చేశాడు!"

ఆ వెంటనే అక్క ఫోన్ మోగింది. బావ పేరు. వీడియో కాల్.

అక్క గబుక్కున ఎత్తింది. చీకట్లో బావ ముఖం మసకగా కనబడింది. వెనక, ఫోటోల్లో కనబడే ఆయన గదీ లేదు, మంచాలూ లేవు. అక్క ఏడుస్తూ నవ్వుతూ, "ఎట్లున్నావయ్యా, ఇంత చిక్కిపోయినావేంది?" అంది.

"బిడ్డను చూపించు."

గొంతు బావదే. కానీ బావ ఏ మెసేజ్ పంపినా "తిన్నారా" అనే మొదలుపెడతాడు. ఇప్పుడు అనలేదు. అక్కను ఎలీ అని పిలవలేదు. సంతోషంలో మాట రావడం లేదేమో అనుకున్నాను.

"దగ్గరికి."

అక్క బిడ్డను దగ్గరికి తెచ్చింది. అప్పుడు విన్నాను. ఫోన్‌లో వాన పడుతోంది. రేకుల మీద వాన. ఎడారి దేశంలో వాన ఏంది? మన చప్పుడే తిరిగి వస్తోంది, ఎకో అని సర్దిచెప్పుకున్నాను.

ఫోన్‌లో మేక అరిచింది.

ఆ తర్వాత... బయట కొట్టంలో అరిచింది.

ఎకో వెనక వస్తుంది. ముందు రాదు. మళ్లీ విన్నాను. ముందు ఫోన్‌లో... తర్వాత బయట. సాంబ్రాణి వాసన ఎప్పుడు పోయిందో తెలియదు. గదంతా మూత తీసిన పాత బోరుగుంత వాసన. తడిమట్టి. లోతు.

"అక్కా," అన్నాను గుసగుసగా. "కట్ చెయ్యి."

"ఏమే? పేరు చెప్పాలంట..."

"చెవి దగ్గర పెట్టు," అంది ఆ గొంతు. "వాడికి మాత్రమే చెప్తా."

నేను లేచేలోపే అక్క ఫోన్‌ను బిడ్డ చెవికి ఆనించింది. సన్నగా ఏదో గుసగుస. చిన్న మాటే. నాకు వినబడలేదు. అక్కకూ వినబడలేదు.

బిడ్డ ఏడుపు చప్పున ఆగిపోయింది.

వాడు తల తిప్పాడు. ఫోన్ వైపు కాదు... తలుపు వైపు. నవ్వాడు. అంతవరకు మేం వాడి నవ్వు చూడలేదు.

ఫోన్ లాక్కుని కట్ చేశాను. అక్క నన్ను తిట్టబోయింది. ఇంతలో బావ నుంచి మెసేజ్ వచ్చింది. వినిపించాను.

"ఎలీ, తిన్నారా? ఓవర్‌టైమ్ పడింది, ఇప్పుడే బస్సు దిగినా. చిన్నమ్మి పంపిన లింకు ఇంకా తెరవలేదు. నొక్కితే చాల్నా, ఇంకేమన్నా చెయ్యాల్నా?"

అక్క బిడ్డను గట్టిగా పొదువుకుంది. లాప్‌టాప్ తెర మీద ఇంకా అదే అంకె. ఒకరు. నేను సర్వర్‌ను మొత్తంగా తుడిచేశాను. కంగారులో రెండుసార్లు తప్పు మీట నొక్కాను.

మర్నాడు పాస్టరుగారు ఎజ్రా అని పేరు పెట్టారు. అందరం పిలిచాం. బిడ్డ చూడలేదు. పసివాడు గదా అన్నారు. నెలలు గడిచినా చూడలేదు. మార్కాపురంలో చెవుల డాక్టరుకు చూపించాం, వినికిడి బాగుందన్నాడు. చెంచా కింద పడితే ఉలిక్కిపడతాడు. ఎజ్రా అంటే మాత్రం మరెవరినో పిలిచినట్టు ఊరుకుంటాడు.

పోయిన వారం బావ సెలవు మీద వచ్చాడు. సంచులు గుమ్మంలోనే పడేసి కొడుకు ముందు మోకాళ్ల మీద కూర్చున్నాడు. "ఎజ్రా... నాయనా... ఎజ్రా..." వాడు క్యారేజీ మూతతో ఆడుకుంటున్నాడు. తల ఎత్తలేదు. బావ పిలుస్తూనే ఉన్నాడు. చివరికి నా వైపు తిరిగాడు.

"ఆ రాత్రి వాడి చెవిలో చెప్పిన పేరేందో నీకు కొంచెమన్నా వినబడలేదా చిన్నమ్మీ? తెలిస్తే ఆ పేరుతోనే పిలుచుకుందుం గదా."

నాకు ఏడుపు ఆగలేదు.

నిన్న దీపాలవేళ ఎజ్రా మొదటిసారి పాకాడు. బావ రెండు చేతులూ చాపి ఎదురుగా కూర్చున్నాడు. ఎవరూ పిలవలేదు. వాడు ఉన్నట్టుండి తల ఎత్తి "ఊఁ" అన్నాడు. బావ చేతుల పక్క నుంచి పాక్కుంటూ పోయి తలుపు దగ్గర కూర్చుని, గడియ వైపు చెయ్యి ఎత్తాడు.

అప్పటిదాకా అరుస్తున్న యల్లమ్మవ్వ మేకలు ఒక్కసారిగా నోళ్లు మూశాయి.