నాన్న పేరు రాయని దరఖాస్తు

శనివారం ఉదయం ఏడున్నరకి క్రాన్‌బర్న్‌లోని ఇంట్లో నీలిమ దోసెలు పోస్తోంది. చెల్లెలు వసుంధర టేబుల్ దగ్గర కాగితాలు ముందేసుకుని కూర్చుంది. ఇండియా నుంచి వచ్చి, ఆశ్రయం కోరుతూ ఆమె పెట్టుకున్న దరఖాస్తును ఇక్కడి ప్రభుత్వం తిరస్కరించింది. ట్రైబ్యునల్‌లో రివ్యూకి వెయ్యడానికి ఇరవై ఎనిమిది రోజుల గడువు. ఇరవై రెండు అయిపోయాయి.

"చల్లారిపోతోంది, తినవే. మిగతాది లాయర్ చూసుకుంటాడు," అంది నీలిమ.

"లాయరే పంపాడక్కా, నువ్వు నింపిన ఫారం. ఇవాళే చదివాను."

అక్క నింపిన కాగితాన్ని చెల్లెలు చదివి చూసుకోవడం వాళ్లింట్లో అలవాటు లేదు. అప్పుడు కూడా చూపించిన చోటల్లా వసుంధర సంతకం పెట్టేసింది.

"మా ఆయన్ని చంపింది గుర్తు తెలియని వ్యక్తులని రాశావు."

నీలిమ దోసె తిరగేసింది.

"ఆఫీసర్ ఏమన్నాడో చెప్పనా? తెలియనివాళ్లయితే నేను బెంగళూరులోనో పుణేలోనో భయం లేకుండా బతకొచ్చట. ఎవరో నీకు తెలియదా?"

"తెలుసు. మన నాన్న. అయితే? వేరే కులంవాణ్ని చేసుకున్నావని అల్లుణ్ని చంపించాడని గవర్నమెంట్ పేపర్ మీద నా చేత్తో రాయాలా? ఇంటి పరువేం కాను?"

"పరువు ఆయనది. ప్రాణం నాదక్కా."

నీలిమ భర్త బాలమురళి హాల్లోంచి వచ్చాడు. "ప్రూఫ్ అడుగుతారు వసూ. అక్కడి పోలీసు కేసులో మామయ్యగారి పేరే లేదు. ఫస్ట్ టైమే ఎందుకు చెప్పలేదని పట్టుకుంటారు."

"నా దగ్గరేముంది బావా," అంది వసుంధర.

దోసె మాడింది. నీలిమ స్టవ్ కట్టేసి, ఫోన్ తెచ్చి టేబుల్ మీద పెట్టింది. ఒక వాయిస్ మెసేజ్ నొక్కింది.

తండ్రి ద్వారకానాథ్ గొంతు. తొందర లేదు. "అమ్మా నీలూ, తిన్నావా? చెల్లెల్ని ఏదో ఒకటి చెప్పి ఇండియా పంపించు. వాడి పని చూసుకున్నాం. దీనిదీ అయిపోతే నలుగురిలో తలెత్తుకుంటాను. అల్లుడుగారిని అడిగానని చెప్పు."

బాలమురళి కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "ఎప్పటిది?"

"వసు ఇక్కడ దిగిన నాలుగో రోజు."

"పదకొండు నెలలు! నాక్కూడా చెప్పలేదేం?"

"చెబితే నాకింక నాన్న లేనట్టే కదండీ. రోజూ వింటున్నాను. ఆయన గొంతు కాదేమోనని."

అరవబోయి లేచిన వసుంధర మళ్లీ కూర్చుంది.

పన్నెండింటికల్లా నీలిమ వాంగ్మూలం రెండు పేజీలు రాసింది. మెసేజ్‌ని మాట మాటా ఇంగ్లీషులో పెట్టింది. 'తిన్నావా' కూడా వదల్లేదు. మొదటి దరఖాస్తులోని అబద్ధం తనదని, చెల్లెలికి తెలియదని ఒక పేరా రాసింది. హత్య చేయించిన వ్యక్తి పేరు ద్వారకానాథ్ అని రాసింది. ఆయన తనకేమవుతాడో ఆ పక్కనే రాసింది: తండ్రి.

"ఇది పంపితే నువ్వు కూడా ఆ ఇంటికి వెళ్లలేవక్కా."

"తెలుసే. స్పెల్లింగులు చూడు."

వసుంధర కాగితం చూడలేదు, అక్కని చూసింది. పెళ్లి కోసం నాన్న ఇల్లు వదిలి వచ్చిన రోజున ధైర్యమంటే తనదే అనుకుంది. అప్పుడు పక్కన, తను చేసుకోబోయే ప్రభుదాస్ ఉన్నాడు. అక్క కుర్చీలోంచి కదలకుండా, ఒక్కతే, అదే ఇల్లు వదిలేస్తోంది.

నీలిమ సంతకం పెట్టి తేదీ వేసింది. పెన్నుకి మూత పెట్టింది. అప్పుడు ఏడ్చింది.