రెండున్నర అంగుళాల మిషన్

ఆనందయ్య సారు పడిపోయాక గానీ తుపాకి చప్పుడు రాలేదు.

పులివెందుల బజారులో, పట్టపగలు పదకొండు గంటలకు. తెల్ల పంచె, చేతిలో గొడుగు, చంకలో కాగితాల సంచి. గాలిలో కొరడా ఝళిపించినట్టు ఒక్క చిటిక, ఆయన ఛాతీ మీద నెత్తురు. మోకాళ్ళ మీద కూలి పక్కకు ఒరిగాక, ఊరి బయట గుట్ట వైపు నుంచి బరువుగా ‘ధన్’మని వచ్చింది. బాంబులకు అలవాటు పడిన ఊరు అది. ముందు చప్పుడు, తర్వాత పొగ, ఆ తర్వాత ఏడుపులు. ఆ వరుస అందరికీ తెలుసు. ఈ వరుస ఎవరికీ తెలియదు. ఎటు పరిగెత్తాలో తోచక జనం ఆయన చుట్టూ అట్లే నిలబడిపోయారు, పాపం.

ఆనందయ్య ప్రొద్దుటూరులో ముప్పై ఏళ్ళు లెక్కలు చెప్పిన అయ్యవారు. రిటైరయ్యాక ఇంటి పట్టున ఉండక, రెండు ఫ్యాక్షన్ పార్టీల మధ్య రాజీ కుదర్చడానికి ఎండనక వాననక ఊరూరూ తిరిగాడు. ఒక పక్క సింహాద్రిపురం గురమ్మ. మొగుడినీ ఇద్దరు కొడుకులనూ కొడవళ్ళకు ఇచ్చి, అరవై ఊళ్ళ మనుషులను ఒంటిచేత్తో నడుపుతున్న మనిషి. ఇంకో పక్క ఎద్దుల పుల్లన్న. రాజీ జరిగితే ఎన్నికల టికెట్ గురమ్మకు పోతుందని వాడికి భయం. ఆనందయ్య ఎదుట పుల్లన్న సరేనని నవ్వాడు. నవ్విన పదో రోజుకు ఆనందయ్య లేడు.

ఆ మర్నాడు కడప గెస్ట్ హౌస్‌లో ప్రభుత్వ గూఢచారి విభాగం బ్రీఫింగ్. చీఫ్ కోడ్ పేరు హెడ్‌మాస్టర్. ఎదురుగా ఏజెంట్ నతానియేలు, దువ్వూరు వాడు. వాళ్ళమ్మ కూలికి పోయి చదివించింది. అది మరిచిపోని బిడ్డ గనుక ఎంత పెద్ద ఆఫీసరు ముందైనా తల వంచడు, ఎంత చిన్నవాడి ముందైనా తల ఎత్తడు.

చీఫ్ చెప్పిన సంగతి ఇది. షూటర్ పేరు డెక్కర్, విదేశీయుడు. దుబాయ్‌లో ఆఫీసు పెట్టుకుని తుపాకులమ్మే ముఠా మనిషి. గురమ్మ రాజీ మాట పలికిందంటే ఆ ముఠా సరుకుకు ఈ జిల్లాలో గిరాకీ లేదు. ఆమె పడిపోయిందంటే, కిలోమీటరు దూరం నుంచి మనిషిని పడగొట్టే తుపాకి కావాలని ప్రతి పార్టీ అడుగుతుంది. వచ్చే శుక్రవారం జమ్మలమడుగు దగ్గర పెన్న ఇసుకలో రాజీ సభ. టార్గెట్ గురమ్మ.

“సభ వాయిదా వేయించండి సార్.”

“అడిగాం. ఆనందయ్య దినాలు కాకముందే మాట నిలబెట్టకపోతే తన మనుషులు ఆగరంటుంది గురమ్మ. పోలీసులతో దండెత్తి పోదామంటే పుల్లన్నకు ఊరూరా చెవులున్నాయి. జీపు కదిలేలోపు కబురు చేరుతుంది. నువ్వు ఒక్కడివే పోవాలి.”

చీఫ్ ఒక ఫొటో తోశాడు. నల్ల కళ్ళద్దాలు, నిమ్మపండు రంగు పట్టుచీర, సినిమా తార లాంటి మనిషి. ఖమ్రున్నీసా. ప్రొద్దుటూరు పిల్లే. దుబాయ్ పోయి, ఇప్పుడు డెక్కర్‌కు దుబాసీగా తిరిగొచ్చింది.

“ఈమె మన డబుల్ ఏజెంట్. మనకూ పని చేస్తుంది, వాళ్ళకూ పని చేస్తుంది. ఏ పూట ఎవరి మనిషో ఆమెకే తెలియాలి.”

రెండో రోజుకల్లా జమ్మలమడుగు బజారులో ‘జమాల్ రేడియో రిపేరు’ అని కొత్త బోర్డు లేచింది. గళ్ళ లుంగీ, తెల్ల టోపీ, చెవి మీద పెన్సిలుతో లోపల నతానియేలు. టిఫిన్ క్యారియర్ అడుగు గిన్నెలో వైర్‌లెస్ సెట్, పై గిన్నెలో నిజంగానే చిత్రాన్నం.

బుధవారం పొద్దున ఖమ్రున్నీసా అంబాసిడర్ దిగింది. అత్తరు వాసనకు పక్క అంగడి వాళ్ళు కూడా తలలు తిప్పారు.

“సిలోన్ స్టేషన్ పట్టడంల్యా.”

“ఏరియల్ మార్చాల మేడమ్.”

కోడ్ సరిపోయింది. ఒక యంత్రం చెడిపోయింది, రావాలంది. కారెక్కాక అద్దంలో అతన్ని చూస్తూ, తను ఏమీ చూడననీ, ఏమైనా జరిగితే అతనెవరో తెలియదంటాననీ మెల్లిగా చెప్పింది.

పాడుబడిన నాపరాయి గనిలో పుల్లన్న మనుషులు నలభై మంది. కొడవళ్ళు, బాంబుల బుట్టలు, ఒక మూల జొన్న రొట్టెలు కాల్చే పొయ్యి. మధ్యలో ఎండకు ఎర్రగా కందిపోయిన డెక్కర్. అతని ముందు స్టాండు మీద ఒక ఇనుప కడ్డీ, దాని మీద నాలుగడుగుల ఎడంతో రెండు కళ్ళు. పేరు క్రోనోగ్రాఫ్. తూటా మొదటి కన్ను మీదుగా పోతే నీడ పడుతుంది, రెండో కన్ను మీదుగా పోతే మళ్ళీ నీడ పడుతుంది. ఆ రెండు నీడల మధ్య ఎంతసేపు పట్టిందో లెక్కగట్టి, తూటా వేగం ఇంత అని యంత్రం అంకె చూపుతుంది. దూరం పోయేకొద్దీ తూటా నేలకు జారుతుంది గదా. వేగం తెలిస్తేనే, ఎంత జారుతుందో అంత పైకి తుపాకి మీది గురి చూసే స్కోపు తిప్పేది. పులివెందులలో వాడిన తూటాల పెట్టె అయిపోయింది. పెట్టె మారితే వేగం మారుతుంది. కొత్తది కొలవకుండా డెక్కర్ తుపాకి ముట్టడు. కిలోమీటరు దూరం కాల్చి చూసుకుందామంటే ఊళ్ళు వింటాయి. పక్క గనుల్లో రాళ్ళు పేల్చే వేళకు, ఈ గుంతలోనే గుట్టుగా నాలుగు తూటాలు కాల్చుకోవాలి.

అలాంటి యంత్రం పొద్దుటి నుంచి అంకెకు బదులు అడ్డగీతలు చూపుతోంది.

నతానియేలు వంగి చూశాడు. కడ్డీకి నిమ్మకాయల దండ. కాళ్ళకు పసుపు. రెండు కళ్ళ నిండా, గుడ్లు కనపడకుండా, తడి కుంకుమ.

“ఎవరు పెట్టినారప్పా ఇది?”

పుల్లన్న బాంబుల మేస్త్రి శివన్న గర్వంగా ముందుకొచ్చాడు. కొత్త జీపొచ్చినా పెడతాం, కొడవలి చేయించినా పెడతాం. “ఈ శుక్రవారం పని జేసే మిషను. బొట్టు ల్యాకుండా ముండమోపి మాదిరి ఎట్ల పెట్టుకుంటామప్పా?”

డెక్కర్ ఆ బొట్టుకు పరాయి ఊరి మర్యాద కొద్దీ పొద్దున తనే దండం పెట్టి ఒప్పుకున్నాడు. కళ్ళు మూసుకుని దండం పెట్టినవాడు, ఎక్కడ పెట్టారో చూడలేదు.

నతానియేలు లోపల ఏదో తీగ తెగిందన్నాడు. పెట్టె విప్పాడు, మూశాడు, కిరసనాయిలు గుడ్డతో కళ్ళు తుడిచాడు. తుడుస్తూ రెండో కంటి మర వదులు చేసి, కడ్డీ మీద మొదటి కంటి వైపు జరిపి, మళ్ళీ బిగించాడు. రెండున్నర అంగుళాలు. కన్ను మునుపున్న గీతను కప్పిన కుంకుమ ముద్దను మాత్రం అట్లే వదిలేశాడు.

దూరం తగ్గింది, యంత్రానికి ఆ సంగతి తెలియదు. నాలుగడుగులు ఇంత త్వరగా దాటిందా అని మురిసి, ఉన్నదానికంటే ఎక్కువ వేగం చూపిస్తుంది. డెక్కర్ స్కోపు తక్కువ తిప్పుతాడు.

తల ఎత్తితే ఎదురుగా నల్ల కళ్ళద్దాలు. ఖమ్రున్నీసా అంతా చూసింది.

పక్క గనిలో రాళ్ళు పేలాయి. డెక్కర్ కాల్చాడు. మూడువేల ఆరు అడుగులు సెకనుకు. కనుబొమలు ముడిచి మళ్ళీ కాల్చాడు. మూడువేల పది. ఇంత ఎక్కువా అని ఆమెను అడిగాడు. ఆమె పైట చెంగుతో మెడ తుడుచుకుంటూ, కడప ఎండలో తూటా మందు త్వరగా మండదా అంది. డెక్కర్ నవ్వి కాగితం మీద రాసుకున్నాడు. పక్కనే ఉన్న దూరం అంకెను నతానియేలు చూశాడు. తొమ్మిది వందల యాభై మీటర్లు.

సాయంత్రం నతానియేలు మ్యాపు మీద సభ వేదిక దగ్గర సూది గుచ్చి, తొమ్మిది వందల యాభై మీటర్లకు గుండ్రంగా గీత గీశాడు. ఆ గీత మీద ఎత్తైన చోటు ఒకటే ఉంది, పెన్న ఒడ్డున రాళ్ళ గుట్ట. వైర్‌లెస్‌లో చీఫ్‌కు రెండు మాటలు చెప్పాడు. తూటా మూడడుగులు కిందికి పోతుంది, వేదిక ముందు నడుమెత్తు నాపబండలు నిలబెట్టించండి. గుట్ట సంగతి నాకు వదిలేయండి.

శుక్రవారం పది గంటలు. ఇసుకలో వేలమంది. గురమ్మ వేదికెక్కింది, తెల్ల చీర, చేతిలో ఆనందయ్య రాసిన రాజీ కాగితం.

గుట్ట కింద కాపలా ముగ్గురు. మొదటివాడు బీడీ ముట్టించుకునేలోపు నతానియేలు చేతిలోని ఇనుప రాడ్డుకు దవడ పగిలింది. రెండోవాడి మెడ రాతికి కొట్టుకుంది. మూడోవాడు శివన్న. కొడవలి ఎడమ భుజంలో ఎముక దాకా దిగింది. నతానియేలు ఆ కొడవలితోనే వాడిని దగ్గరకు లాక్కుని, మొలలోని సైలెన్సర్ పిస్తోలు వాడి కడుపుకు ఆనించి నొక్కాడు. శివన్న ఆశ్చర్యంగా చూస్తూ కూర్చుండిపోయాడు.

పైన తుపాకి పేలింది.

సభలో నాపబండ బద్దలైంది. రాతి పొడి గురమ్మ చీర మీద పడింది. జనం లేచారు. గురమ్మ మాత్రం కదల్లేదు. కాగితం ఎత్తి పట్టుకుని చదువుతూనే ఉంది.

గుట్ట మీద డెక్కర్ బోల్టు లాగాడు. తుపాకి వెనక్కి తన్నేసరికి తూటా ఎటు పోయిందో అతనికి కనపడలేదు. పక్కన దుర్బిణితో కూర్చున్న ఖమ్రున్నీసాను అడిగాడు, ఎక్కడ తగిలిందని. అది ఆమె పని. పులివెందులలో కూడా ఆమే చెప్పింది, సరిగ్గా ఛాతీకి అని. చెప్పాక గానీ ఆ పడిన ముఖం తనకు ఎక్కాలు నేర్పిన సారుదని గుర్తుపట్టలేదు.

“పైకి పోయింది,” అంది ఇంగ్లీషులో. “మూడడుగులు పైకి.”

డెక్కర్ స్కోపు ఇంకా కిందికి దించి కాల్చాడు. వేదిక ముందు ఇసుక ఎగిరింది. ఈసారి ఇసుక ఎగరడం అతనే చూశాడు.

మెల్లిగా ఆమె వైపు తిరిగాడు. నడుము నుంచి పిస్తోలు తీసి ఆమెను రెండుసార్లు కాల్చి, మళ్ళీ తుపాకి మీద పడుకున్నాడు. స్కోపు చకచకా ఆరడుగుల లెక్కకు పైకి తిప్పాడు. ఇప్పుడు అంకె సరిపోయింది. గొట్టం గురమ్మ గుండె మీద ఆగింది. వేలు బిగుసుకుంది.

రాళ్ళ మీదుగా నెత్తురు కార్చుకుంటూ వచ్చిన నతానియేలు ఆ గొట్టం మీదే పడ్డాడు. తూటా పెన్నలోకి పోయింది. ఇద్దరూ దొర్లారు. డెక్కర్ పిస్తోలు పైకెత్తాడు. నతానియేలు పిస్తోలు దొర్లడంలో ఎటో జారిపోయింది. చేతికందింది డెక్కర్ సామాన్లలోని క్రోనోగ్రాఫ్ కడ్డీ. దాన్ని రెండు కళ్ళతో సహా డెక్కర్ నుదుటి మీద దించాడు. ఒకసారి కాదు, అతను కదలడం మానేదాకా.

ఖమ్రున్నీసా ఇంకా ఊపిరితో ఉంది. కళ్ళద్దాలు పక్కన పగిలి పడున్నాయి. కళ్ళు చిన్నపిల్ల కళ్ళలా ఉన్నాయి.

“ఆమె నిలబడిందా?” అని అడిగింది.

“నిలబడే ఉందమ్మా. చదువుతాంది.”

“సారు రాత అది. శానా చిన్నగా రాస్తాడు. ఆమెకు కనపడతాందో లేదో.” ఆ మాటతో ఆమె చెయ్యి జారింది.

కింద గురమ్మ చివరి వాక్యం దాకా చదివింది. సభకు వచ్చిన పుల్లన్న జారుకుని జీపు ఎక్కబోతుంటే అతని మనుషులే తలుపు తెరవలేదు. తర్వాత చీఫ్ గురమ్మను అడిగాడు, బండ పగిలినప్పుడైనా ఎందుకు కూర్చోలేదమ్మా అని.

“నేను కూచుంటే మా వాళ్ళు లేస్తారు గదప్పా,” అంది ఆమె, చీర మీది రాతి పొడి దులుపుకుంటూ.

మధ్యాహ్నానికి నతానియేలును ఆసుపత్రికి చేర్చారు. నర్సు సుశీలమ్మ తల ఎత్తకుండా కాగితం నింపుతోంది. తుపాకి దెబ్బా, బాంబు దెబ్బా, కొడవలి దెబ్బా అని అడిగింది. కొడవలి అన్నాడు. ఆమె ముఖం తేటపడింది.

“కొడవలేనా? కొత్త రకం గాయమేమోనని భయపడినా,” అని సూది దారం తీసుకుంది. “ఇట్ల కూచో నాయనా. ఇది మాకు చేతనైన పనే.”