చూడని పాదాలకు చెప్పులు

పొద్దున్నే పొయ్యి మీద పాలు పెట్టి, పిచ్చుక మాటిమాటికీ వీధిలోకి తొంగిచూస్తోంది. చిన్నప్పుడు ఒక్కచోట కుదురుగా ఉండేది కాదని తండ్రి పెట్టిన పేరది. ఇవాళ ఆ పేరుకు తగ్గట్టే ఉంది.

"పాలు పొంగుతున్నాయే! వ్యాను వస్తే హారన్ కొడతాడులే. నీ మెడ సాగితే మళ్ళీ లోపలికి పోదు," అంది తల్లి.

ముందు గదే వాళ్ళ చెప్పుల పనిగది. ఒకప్పుడు ఆ గుమ్మంలో జనం వంతు కోసం నిలబడేవారు. వచ్చినవాళ్ళని కాగితం మీద నిలబెట్టి, పాదం చుట్టూ పెన్సిల్‌తో గీసి, ఆ గీత వెంబడే తోలు కోసేవాడు తండ్రి. ఓడల్లో వచ్చిన చవక చెప్పులు సందు చివరి కొట్లో గుత్తులుగా వేలాడటం మొదలయ్యాక గుమ్మం బోసిపోయింది. పిచ్చుకే కాళ్ళరిగేలా తిరిగి, విదేశాలకు చెప్పులు పంపే కంపెనీని ఒప్పించింది. వాళ్ళిచ్చిన అట్ట కొలతకి నమూనా జత చేసిస్తే పని ఇస్తామన్నారు. మొదటి జత వెనక్కి వచ్చింది. ఎడమది కుడిదానికంటే వెడల్పుగా ఉందట. ఇవాళ కంపెనీ వ్యానులో రెండో జత వెళ్ళాలి. ఇదీ తప్పితే ఈ గదికి తాళమే.

వ్యాను వచ్చేలోగా ఒకసారి చూద్దామని పనిగదిలోకొచ్చి రెండు చెప్పులూ అడుగుకి అడుగు ఆనించింది. ఎడమది మళ్ళీ గోరంత పెద్దది!

"నాన్నా, ఏంటిది?"

"బానే ఉందిగా," అన్నాడాయన, ఓ పాత చెప్పు కుడుతూ తలెత్తకుండా.

"ఏం బాగు? అట్ట నీ పక్కనే పెట్టాను. కావాలనే చేశావు కదూ! ఈ పని ఇష్టం లేదని నోటితో చెప్పొచ్చుగా!"

"అరవకే. నిలబడితే ఎడమ కాలు కాస్త పరుచుకుంటుంది."

"ఎవరి కాలు?"

"అదే నేనూ అడుగుతున్నా. సముద్రం అవతల ఎవరో. ఆ పాదం నేను చూశానా, పట్టుకున్నానా?"

"కంపెనీకి పాదాలుండవు నాన్నా, అట్టే ఉంటుంది!"

"అయితే ఆ అట్టకే తొడుక్కోమను."

"మీ ఇద్దరి నోళ్ళూ కుట్టేస్తే ఈపాటికి ఇంకో జత తయారయ్యేది," అంది తల్లి.

పిచ్చుకకి ఏడుపు తన్నుకొచ్చింది. "సరే. రేపట్నించి నేను సందు చివరి కొట్లో పనికి పోతాను. వాళ్ళు రమ్మంటున్నారు."

తండ్రి చేతిలో సూది ఆగిపోయింది.

"కావాలని కాదే," అన్నాడు. "అట్ట పెట్టే కోశాను. ఎడమ దగ్గరికొచ్చేసరికి కత్తి దానంతటదే బయటికి జరుగుతోంది. నా చెయ్యి నా మాట వినట్లేదమ్మా."

ఆయన మాట్లాడుతూనే కాలితో వెనక్కి నెట్టిన బుట్టని ముందుకు లాగింది పిచ్చుక. అందులో అన్నీ పాడైన ముక్కలే. అన్నీ ఎడమవే. ఇన్నాళ్ళూ మొండితనం అనుకుంది. ఆయన ఎంత పెనుగులాడాడో ఇప్పుడు తెలిసింది.

"కత్తి ఇటివ్వు నాన్నా."

తాడు కోసుకోవడానికి కూడా ఆ కత్తిని భార్యకిచ్చిన మనిషి కాదాయన. కాసేపు దానివంకే చూశాడు. తర్వాత పిడి కూతురివైపు తిప్పి ఇచ్చాడు. ఆమె ఎడమ చెప్పు కోసం అట్ట బోర్లించి అదిమిపట్టి కోసింది. ఆయన కుట్టాడు. మధ్యలో హారన్ మోగింది. తల్లి మంచినీళ్ళు పట్టుకెళ్ళి, వ్యానతని అత్తగారి ఆరోగ్యం దాకా అడిగి నిలబెట్టింది.

జత వెళ్ళిపోయింది.

"ఒప్పుకుంటారంటావా?" అంది పిచ్చుక.

"ఏమో. ఒప్పుకుంటే అక్కడికి పోయేవి నువ్వు కొయ్యి. ఇక్కడికి వచ్చేవాళ్ళవి నేను కోస్తా." అంటూనే నేల మీద కాగితం పరిచాడు. "రా, నిలబడు."

గుమ్మం పక్కన ఆమె విడిచిన చెప్పులున్నాయి, సందు చివరి కొట్లో కొన్నవి. ఆయన వాటిని ఎప్పుడో చూశాడు.

పెన్సిల్ ఎడమ పాదం చుట్టూ నెమ్మదిగా కదిలి, చిటికెనవేలి దగ్గర పాదం పరుచుకున్నంత మేర, కత్తి జరిగినట్టే కాస్త బయటికి జరిగింది. ఆమె కంట్లోంచి కాగితం మీద టప్పున ఓ చుక్క పడింది.

"కదలకే, పిచ్చుకా," అన్నాడు తండ్రి, తలెత్తకుండా.

ఆమె కదలలేదు.