బొంతకు నాలుగో మూల

ఇందులో ఒక్క ముక్క అబద్ధమున్నా నా పళ్ళు ఊడిపోవాలి. నవ్వకే అనూరాధా, ఊడడానికి ఇంకా ఒకటి మిగిలుంది. దాని మీదే ఒట్టు.

మీ యమునత్త కథ ఇది. బజారుకెళ్ళింది కదా, అది తిరిగొచ్చేలోపు చెప్పేస్తాను. అది ఉండగా మాత్రం ఎత్తకు.

మన సాలూరులో మనుషుల కంటే లారీలెక్కువ. ఉయ్యాల్లో పిల్లలు అమ్మ అనడం కంటే ముందు హారన్ మోత నేర్చుకుంటారు. మీ జయకృష్ణ మావయ్యదీ లారీయే. రాయపూర్ లోడు ఎత్తాడంటే మళ్ళీ గుమ్మంలో ఎప్పుడు దిగుతాడో దేవుడు కూడా చెప్పలేడు. యమున రెండోసారి కడుపుతో ఉన్నప్పుడు, పుట్టబోయే బిడ్డ కోసం ఆ వెనకగదికి బొమ్మలేయించాలని పట్టుబట్టింది. బొమ్మలంటే మనకి ఎవరున్నారు? లారీలకి రంగులేసే నూకయ్యే. పసిబిడ్డ గది కదా, చిన్న చిలకలు వెయ్యి బాబూ అంటే, డేగలంత చిలకలు వేశాడు. ఏనుగు వేశాడు, గుమ్మడికాయంత గులాబీలు వేశాడు. ఆ గదికి చక్రాలుంటే అదే రోడ్డెక్కి రాయపూర్ పోయేది. చివరికి తలుపు మీద, చెయ్యి అలవాటు కొద్దీ, 'హారన్ ప్లీజ్' అని రాసేశాడు.

"సెరిపేస్తానమ్మా," అన్నాడు నాలిక్కరుచుకుని.

"ఉంచీ బాబూ," అంది యమున నవ్వుతూ. "పడుకున్న పిల్లని లేపడానికొచ్చినోలు హారన్ కొట్టే రావాల."

యమున నవ్వడం ఆ ఇంట్లో అందరూ మరిచిపోయిన సంగతి. మొదటి కాన్పులో ఆడపిల్ల. ఊపిరి లేకుండానే పుట్టింది. యమునకి తెలివొచ్చేసరికి మగవాళ్ళు ఆ బిడ్డని ఆస్పత్రి తువ్వాల్లో చుట్టి తీసుకుపోయి, మట్టి చేసి, స్నానాలు కూడా చేసి వచ్చేశారు. తల్లికి చూపించలేదు. చూస్తే మనసు అంటుకుపోతుందట. పేరూ పెట్టలేదు. యమున ఏడవలేదు, ఎవరినీ తిట్టలేదు. ఒక్కటే అడిగింది.

"సలి రోజులు కదా అత్తా... ఏటి కప్పేరు?"

వాళ్ళత్త, అంటే మా చెల్లి పార్వతీదేవి, గొంతెత్తితే బొబ్బిలి బస్టాండులో జనం లేచి నిలబడతారు. అలాంటి మనిషి ఆ రోజు కొంగు నోట్లో కుక్కుకుని గోడ వైపు తిరిగిపోయింది.

మన ఇంట్లో పుట్టబోయే బిడ్డకి కొత్తగుడ్డ కుట్టరు. ఆడవాళ్ళ పాతచీరలు పొరలు పొరలుగా పరిచి బొంత కుడతారు. మూడు మూలలు మూసేసి నాలుగోది వదిలేస్తారు. బిడ్డకి పేరు పెట్టిన రోజు, ఆ పేరు పలుకుతూ తల్లి ఆ మూల కుట్టాలి. అప్పుడే అది ఆ బిడ్డ బొంత అవుతుంది. మొదటి బిడ్డ కోసం యమున కుట్టినది అలా మూల తెరుచుకునే ఉండిపోయింది. పార్వతి దాన్ని ట్రంకుపెట్టెలో పెట్టి అటకెక్కించింది.

రెండోసారి యమున ఆ పెట్టె దింపించింది.

"ఒలమ్మ! ఒకల కోసం కుట్టింది ఇంకొకలకి కప్పుతారేటే?" అని పార్వతి గుండె బాదుకుంది. "కొత్తది కుట్టుకో. నా పట్టుసీర సింపి ఇస్తాను."

పండక్కి నాకో అరటిపండు ఇవ్వడానికి చెయ్యి రాని మనిషి పట్టుచీర చింపిస్తానంది. ఎంత భయపడిందో చూడు! యమున వింటేనా?

"దాని సేతికి అందనేదు. దీనికైనా అందనీ అత్తా," అంది.

బొంత ఉతికి ఆరేసింది. గోడ మీద చిలకలకి జోడీగా, పచ్చగుడ్డ కత్తిరించి బొంత మీద చిలకలు కుట్టడం మొదలెట్టింది.

రోహిణీ కార్తె. లారీల టైర్లు కరిగి జిలేబీ పాకంలా కారే ఎండ. ఆ ఎండలో కూడా బొంత ఆరలేదు. నడిమధ్యన ఒక చోట చెమ్మ ఉండిపోయేది. ముక్కు దగ్గర పెట్టుకుంటే తవ్విన మట్టి వాసన. దాని అడుగున, సన్నగా, చనుబాల వాసన. మధ్యాహ్నం కుట్టిన చిలక సాయంత్రానికి ఊడి ఉండేది. దారం తెగినట్టు కాదు... ఎవరో నోట్లో పెట్టుకుని చీకి వదిలినట్టు, తడితడిగా.

యమున ఎవరికీ చెప్పలేదు. మళ్ళీ కుట్టేది.

తుఫాను పట్టిన ఓ సాయంత్రం. మబ్బు కమ్మి దీపాల వేళ కాకుండానే ఇల్లంతా గుహలా అయింది. కరెంటు పోయింది. పార్వతి వంటింట్లో లాంతరు వెతుకుతోంది. యమున వెనకగదిలో చాప మీద కూర్చుని ఉంది, బొంత ఒళ్ళో వేసుకుని. రేకుల మీద వాన, కంకర లోడు దింపినట్టు.

అప్పుడు తోచింది యమునకి. పొద్దున్నుంచి కడుపులో బిడ్డ కదల్లేదు. ఆలోచిస్తే... నిన్న కూడా బొంత ఒళ్ళో ఉన్నంతసేపూ కదల్లేదు. మొన్నా అంతే.

పొట్ట మీద చెయ్యి వేసింది. చడీ చప్పుడూ లేదు.

బొంతని పక్కకి తోసేయబోయింది. అది బరువుగా ఉంది.

చప్పరింత వినిపించింది.

ఒకసారి... ఆగి... మళ్ళీ. బయట కాదు. బొంత పొరల మధ్య నుంచి.

గుడ్డ లోపల ఏదో కదిలింది. చిన్నగా. పాకడం రాని బిడ్డ మోచేతుల మీద జరిగినట్టు. తెరిచి ఉన్న మూల వైపు జరుగుతోంది. ఆ మూల యమున పొట్టకి ఆని ఉంది.

అరవాలనుకుంది. చెయ్యి మాత్రం, తనకి తెలియకుండానే, ఆ కదిలేదాని మీద పడింది. అరచేతిలో గుండ్రంగా... ఇంతే ఇంత తల. ఆ తల అరచేతి వైపు తిరిగింది. నోటితో వెతికింది.

చల్లగా ఉంది. బావి అడుగు రాయంత చల్లగా.

ఆ క్షణంలో యమునకి భయం పోయిందట. ఇంకేమీ అక్కర్లేదనిపించిందట. కడుపులో బిడ్డ కూడా. నాకు ఆ మాట చెప్పినప్పుడు నా కళ్ళలోకి చూడలేదు.

"సలేస్తన్నాదా తల్లీ?" అని గుసగుసగా అడిగింది.

చప్పరింత ఆగింది. తెరిచిన మూలలోంచి మంచులాంటి ఊపిరి పొట్టకి తగిలింది. లోపలి బిడ్డ ఒక్కసారి విలవిల్లాడి, మళ్ళీ బిగుసుకుపోయింది. ఎక్కడ వెచ్చగా ఉందో అక్కడికి వస్తోంది ఇది. తను వదిలి వెళ్ళిన చోటికే.

"అక్కడికి కాదమ్మా," అంది యమున. "అక్కడ నీ సెల్లి ఉన్నాది. నీకు సోటు నేదు... ఈ బొంత నీదే. ఎవులికీ ఇవ్వను. ఒట్టు."

తడుముకుంటే సూది దొరికింది. చీకట్లోనే మూల మడిచింది. ఇన్నాళ్ళూ మనసులోనే పిలుచుకున్న పేరు మొదటిసారి పైకి పలికింది.

"చిన్నతల్లి."

ఒక కుట్టు. లోపల్నుంచి ఎవరో దారం పట్టుకుని లాగారు. పసిపిల్లలు వేలు పట్టుకుంటారే, అలా.

"చిన్నతల్లి..."

ఇంకో కుట్టు. మళ్ళీ లాగారు. సూది వేళ్ళలో దిగింది. ఆగలేదు. కుట్టు కుట్టుకీ పేరు పిలిచింది. కుట్టు కుట్టుకీ ఆ లాగడం నీరసించింది. నిద్రకి జోగే పిల్ల పట్టు సడలినట్టు. ముడి వేసి, పళ్ళతో దారం తెంపింది.

కదలిక ఆగిపోయింది.

పొట్టలో ఫెడీమని ఒక తన్ను.

పార్వతి లాంతరు పట్టుకుని వచ్చేసరికి యమున బొంతని గుండెలకి హత్తుకుని ఊగుతోంది. వాన మోతని మించి ఏడుస్తోంది. మొదటి కాన్పు నాటి ఏడుపు అది, అప్పుడు బయటికొచ్చింది. పార్వతి వంగి, మూసిన మూల తడిమింది. రక్తం మరకలు చూసింది. చాప మీద పక్కనే కూలబడింది.

"ఏటి పేరెట్టేవే?" అని మాత్రం అడిగింది.

ఆ కడుపులో తన్నినదే మన శైలజ. ఇప్పుడు బడి నుంచి వస్తాది చూడు, ఊరు పీకి పందిరేస్తాది. దానికి పార్వతి పట్టుచీర బొంతే కప్పారు. చిలకల బొంత ఎవరికీ ఇవ్వలేదు. వానాకాలం ముందు ఒక్కసారి ఎండకి వేస్తారు, అంతే.

అదిగో, ఉరుముతోంది. లే అనూరాధా, పెరట్లో దండెం మీద ఉన్నాది, తీసుకురా. పొద్దున్న ఆరేసినప్పుడు దూదిలా తేలిగ్గా ఉంటాది, సాయంత్రానికే బరువెక్కుతాది. పోయినేడాది నేనే తెచ్చాను. ఈయేడు ఇందాక ఎత్తబోతే నా వల్ల కాలేదు, శైలజ కంటే ఓ పిసరు ఎక్కువే బరువుంది. దులపకు. మడత పెట్టకు. వెనకగది తలుపు తట్టి మరీ లోపలికెళ్ళు.

తల కింద చెయ్యేసి ఎత్తు. ఎటువైపు తలో... పట్టుకుంటే నీకే తెలుస్తాది.