మంగళవారం నాటి వాన

విమానంలో ఫస్ట్ క్లాసు కుర్చీ ఎట్లా ఉంటుందో పాలమూరు మొత్తంలో నన్నడిగే తెలుసుకోవాలి. నేను పదకొండుసార్లు ఎక్కాను. పదకొండోసారి పైలట్ స్వయంగా వచ్చి, "తాతా, దారి నీకు తెలిసిందే కదా, కాసేపు చూసుకో" అని చెప్పి టీ తాగడానికి పోయాడు. కాబట్టి ఈ కేసు చెప్పే అర్హత నాకే ఉంది.

రెండువేల ఏడు, శ్రావణ మాసం. వనపర్తి బస్టాండు ఎదురుగా, కుట్టుమిషన్లు బాగుచేసే దుకాణం పైగదిలో అమృతమ్మ డిటెక్టివ్ ఆఫీసు ఉండేది. ఆమె ఇరవై రెండేళ్లు టెలిఫోన్ ఎక్స్‌చేంజిలో జనం గొంతులు విన్న మనిషి. అబద్ధం చెప్పేవాడి గొంతు ఎక్కడ సన్నబడుతుందో ఆమెకు తెలుసు. సహాయకుడు హన్మంతు, నలభై ఏళ్ల మాజీ హోంగార్డు. అమృతమ్మ తుమ్మినా అందులో ఏదో తర్కం ఉండి తీరుతుందని నోటుబుక్కులో రాసుకునేవాడు.

గురువారం పొద్దున తలుపు దబదబా మోగింది. నలభై అయిదేళ్ల కిష్టమ్మ లోపలికి వచ్చింది.

"అమ్మా, రేపు పొద్దుగాల నా చేను పీకిస్తరంట."

"కూసో. నీళ్లు తాగు. ఎవరు పీకిస్తరు?"

"కంపెనీ."

కిష్టమ్మకు భర్త లేడు. ధరూర్ దగ్గర ఎకరం కౌలుకు తీసుకుని ఒక కంపెనీకి విత్తన పత్తి పండిస్తోంది. ఆ సేద్యం చంటిబిడ్డను సాకినట్టే. సాయంత్రం ఆడ వరుసల్లో ఒక్కో మొగ్గనూ చేత్తో గిల్లి, లోపలి పుప్పొడి తీసేయాలి. మర్నాడు మగ వరుసల పూలు విచ్చుకోగానే తెంపి, గిల్లిన ప్రతి మొగ్గకూ పుప్పొడి అద్ది, రోజుకో రంగు దారం కట్టాలి. దాన్నే క్రాసింగ్ అంటారు. ఒక్కపూట తప్పిందని కంపెనీ నమ్మినా చేను రద్దు. రద్దయిన చేను వేరేవాళ్ల చేతిలో పడకుండా చెట్లు పీకించేస్తారు.

"పీకినంక భూమి గలాయన కౌలు ఇయ్యనన్నడు. ఇగ నేనేడికి పోవాలె?" అంటూ కిష్టమ్మ ఒక చీటీ తీసింది. "గిది ఇంగ్లీషుల ఉంది. మంగళారం పని చెయ్యలేదని రాసిన్రంట. ఆరుగురం చేసినం తల్లీ. పసుపు దారాలు కట్టినం. సోమారంవి ఎర్రయి."

అమృతమ్మ చీటీని మనసులోనే చదువుకుంది. *మంగళవారం, ఉదయం పది. వాతావరణం: వర్షం. కూలీలు లేరు. క్రాసింగ్ జరగలేదు. చేను రద్దు.* కింద సూపర్‌వైజర్ రాకేష్ సంతకం. ఆమె దాన్ని మడిచి కొంగున ముడేసుకుంది.

"గీ రాకేషుకు నీ మీద పగ ఏమన్న ఉన్నదా?"

"నా పేరు గూడ సక్కగ తెల్వదమ్మా ఆయనకు."

"మరి పగ ఎవలకున్నది?"

కిష్టమ్మ ఇద్దరి పేర్లు చెప్పింది. ఒకడు బాలస్వామి, కంపెనీకీ రైతులకూ మధ్య ఉండే అయిజ ఏజెంటు. తన బామ్మర్దికి ఆ కౌలు కావాలని ఏడాదిగా తిరుగుతున్నాడు. రెండోది పక్క చేను వనజ.

మధ్యాహ్నానికి అమృతమ్మను ఎక్కించుకుని హన్మంతు స్కూటరు అయిజ చేరింది. బాలస్వామి అరుగు మీదే దొరికాడు.

"కౌలు అడిగిన మాట నిజమే అక్కా. గంతమాత్రాన చేను పీకిస్తనా? పీకిన చేన్ల నాకు ఒక్క గింజ రాదు. రాకేష్ సారే చెప్పిండు, కళ్లార చూసిన అని."

"నువ్వు మంగళారం ధరూరు దిక్కు పోలేదా?"

"మోకాలు వాసి మంచంల పడ్డ. కావాల్నంటే మా ఆమెనడుగు. జర గట్టిగ అడుగు, ఆమెకు చెవుడు."

వనజ చేలోనే ఉంది. అడగకముందే మొదలుపెట్టింది.

"అవునక్కా, కొట్లాడిన! కాలువ నీళ్ల వంతు నాది. కిష్టమ్మ అడ్డమొచ్చింది. ఇద్దరం పారలు లేపినం."

"ఎప్పుడు?"

"మంగళారమే. పది కొడ్తుండె. నా చేను నెర్రెలిచ్చింది, దాని నెత్తి నెర్రెలియ్య!"

"ఆమెతోని కూలోళ్లు ఉన్నరా?"

వనజ మూతి తిప్పింది. "ఉన్నరు. అందరు కల్సి నా మీదికే వచ్చిన్రు."

హన్మంతు చెవిలో గుసగుసలాడాడు. "మేడం, వనజనే. పార గూడ ఉన్నది."

"పారతోని ఇంగ్లీషు రాస్తరా హన్మంతూ?" అంది అమృతమ్మ విసుగ్గా. హన్మంతు అది కూడా రాసుకున్నాడు.

రాకేష్ గద్వాల టీ హోటల్లో కునికిపాట్లు పడుతూ దొరికాడు. ఇస్త్రీ చొక్కా, ఎర్రబడ్డ కళ్లు, పక్కన నల్లసంచీ. సంచీ పిడికి ముద్రలు కొట్టిన రెండు అట్టముక్కలు వేలాడుతున్నాయి.

"మేడం, ఎన్నిసార్లు చెప్పాలె? నేనే గట్టు మీద నిలబడి చూసిన."

"కిష్టమ్మ ఎట్లుంటది సారూ?"

"ఉంటది... ఆడమనిషి."

"సంచి మస్తుంది సార్," అన్నాడు హన్మంతు. రాకేష్ సంచీని గోడవైపుకు తిప్పేశాడు.

శుక్రవారం పొద్దున తొమ్మిది దాటింది. హైదరాబాదు నుంచి కంపెనీ పెద్దాఫీసరు భాస్కర్ జీపులో వచ్చాడు. వెనకాల చెట్లు పీకడానికి నలుగురు. బాలస్వామి కుంటుతూ వచ్చాడు. వనజ గట్టు మీద చేతులు కట్టుకుని నిలబడింది. రాకేష్ నల్లసంచీ కాళ్ల దగ్గర పెట్టుకుని, మాటిమాటికీ గడియారం చూసుకుంటున్నాడు. అమృతమ్మ అందరినీ వేపచెట్టు నీడలోకి పిలిచింది.

"జల్ది చెప్పమ్మా," అని గొణిగింది కిష్టమ్మ. "పూలు విచ్చుకుంటున్నయ్. ఉంచేది పీకేది జర జల్ది తేలిస్తే నా పని నేను చూసుకుంట."

"ముందుగాల ఒక ముచ్చట," అంది అమృతమ్మ తాపీగా. "మా చుట్టపాయన విమానంల ఫస్ట్ క్లాసుల పోయిండంట. గది మన బస్సుల డ్రైవర్ ఎనక సీటు లెక్కనే ఉంటదంట."

రాకేష్ పెదవి కొరుక్కున్నాడు.

"పేపర్ల ఉప్మా కట్టిస్తరంట."

రాకేష్ ముక్కుపుటాలు అదిరాయి.

"ఇగ వానొస్తే మాత్రం, ఫస్ట్ క్లాసోళ్లను ముందుగాల దాటిస్తరంట."

"ఎవడు చెప్పిండు మేడం?" రాకేష్ ఎగిరిపడ్డాడు. "దాటిస్తరా? బేగంపేటల ఐదు గంటలు కూసోబెట్టిన్రు! ఎక్కినంక ఇంకో రెండు గంటలు నేల మీదనే! వేడి తువ్వాలు ఇచ్చిన్రు, మొఖం తుడ్చుకున్న. జ్యూసిచ్చిన్రు, తాగిన. మళ్ల తువ్వాలిచ్చిన్రు. ఎన్నిసార్లు తుడ్చుకుంటరు మొఖం? ముంబైల దిగేసరికి నాగ్‌పూర్ విమానం ఎల్లిపోయింది. ఫస్ట్ క్లాసు అంటే నవ్వుకుంట లైన్ల మొదటి నంబరు ఇచ్చిన్రు, తెల్లారి విమానానికి. అది గూడ రద్దయింది! ఇనుప కుర్చీల నడుము ఇరిగింది. ఫస్ట్ క్లాసంట, ఫస్ట్ క్లాసు!"

పదకొండుసార్లు ఎక్కానన్న నేను ఈ వేడి తువ్వాలు సంగతి ఈ కేసులోనే విన్నాను. దాచడమెందుకు, విమానం లోపల నేను కాలు పెట్టిందే లేదు. పైలట్ టీ కూడా అబద్ధమే. రాకేష్ పడ్డ అవస్థ విన్నాక ఎక్కాలన్న కోరిక కూడా పోయింది.

చెట్టు కింద భాస్కర్ రాకేష్ వైపు తిరిగాడు. తనేం అన్నాడో రాకేష్‌కు అప్పుడు తెలిసింది.

"ఎన్నడు సారూ ఇదంత?" అంది అమృతమ్మ.

హన్మంతు నల్లసంచీ ఎత్తి అట్టముక్కల మీది ముద్రలు చదివాడు. "బేగంపేట, ఫస్ట్ క్లాసు, సోమవారం తేదీ. ముంబై, మంగళవారం తేదీ."

"పారేసుంటే బతికిపోతుంటివి," అంది అమృతమ్మ. "మనూళ్ల విమానమెక్కినోడు ఆ అట్టలు సంచికి ఆర్నెల్లు ఉంచుకుంటడు. నలుగురు చూడాలె గద."

భాస్కర్ ముఖం ముడుచుకుంది. "ముంబై ఎందుకు పోయావు?"

"నాగ్‌పూర్ల వేరే కంపెనీ పిలిచింది సార్, ఉద్యోగానికి," అన్నాడు రాకేష్ నేల చూస్తూ. "టికెట్ వాళ్లే పంపిన్రు. మంగళవారం పొద్దుగాలకు తిరిగి వస్త అనుకున్న."

"రాలేదు," అంది అమృతమ్మ. "బాలస్వామిని అడిగిన, మంగళారం చూడాల్సిన చేన్లు ఎనిమిది. ఎనిమిదీ బాగున్నయని రాస్తే ఇంట్ల కూసోని రాసినట్టు కనబడ్తది. ఒకటి బాగలేదంటే పోయి చూసినట్టుంటది. ఎవల చేనైతే అడిగేటోళ్లు లేరో వెతికిండు. కౌలుది, మొగుడు లేడు, ఇంగ్లీషు రాదు. పగ లేదు సారూ, గంతే."

"చూడలేదని మీకెట్లా అనుమానం వచ్చింది?" అని అడిగాడు భాస్కర్.

అమృతమ్మ కొంగుముడి విప్పి చీటీ అందించింది. "వాతావరణం అన్న కాడ చదువుండ్రి."

"వర్షం."

"ఏ వర్షం?" అని వనజ గట్టు మీంచి అరిచింది. "మంగళారం చుక్క పడలేదు! పడితే నీళ్ల కాడ మేము పారలు లేపుకుంటమా?"

"ముంబైల వాన, హైదరాబాదుల వాన. మన కాడ గూడ పడుంటదని రాసిండు," అంది అమృతమ్మ. "ఈ జిల్లాల తిరిగే మనిషి అట్ల ఎట్ల అనుకున్నడో నాకిప్పటికీ సమజైతలేదు."

భాస్కర్ చేలోకి దిగాడు. పసుపు దారం కట్టిన కొమ్మలు పట్టి చూశాడు. గిల్లిన మొగ్గల చోట చిన్న చిన్న కాయలు గట్టిగా నిలబడి ఉన్నాయి. అతను బయటికొచ్చి చీటీ మీద అడ్డంగా గీత గీసి, సంతకం పెట్టి, చెట్లు పీకే నలుగురినీ జీపెక్కమన్నాడు.

"అయిపోయిందా?" అంది కిష్టమ్మ. ఆమె అప్పటికే మగ వరుసలోకి దిగింది. "గంట ఆలస్యమయింది. వనజా, చూసుకుంట నిలబడ్డవేంది, దా!"

వనజ తిడుతూనే దిగింది.

ఇక రాకేష్. అమృతమ్మ అతని బూట్లు విప్పించి, పంట్లాం పైకి మడిపించి, ఎండలో ఒక వరుసంతా అతని చేతనే క్రాసింగ్ చేయించింది. చివరి మొగ్గకు దారం కట్టి, కిష్టమ్మ ముందు చేతులు జోడించాడు.

ఈ చివరిది నేను కల్పించాను. మిగతాదంతా జరిగినట్టే చెప్పాను. అతను ఆమెతో ఒక్క మాటైనా అనకుండా జీపు వెనకసీట్లో కూర్చుని వెళ్లిపోయాడు. కిష్టమ్మ తలెత్తి చూడలేదు. అప్పటికి ఆమె మూడో వరుసలో ఉంది.