పద్నాలుగు నిమిషాల నేరం

2011 అక్టోబర్ 12, బుధవారం. ఆ మధ్యాహ్నం మహిపాల్ తిన్నది పప్పుచారు, అన్నం, కాస్త మామిడికాయ తొక్కు. ఎల్బీనగర్ చౌరస్తాలో, నడిరోడ్డు మీద, విస్తరిలో. సకల జనుల సమ్మెకు నెల కావస్తోంది. బస్సుల్లేవు. జనం రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి వంటావార్పు చేస్తున్నారు.

మహిపాల్ నల్లగొండవాడే. మెడలో ఉద్యమ కండువా కూడా ఉంది. కానీ సమ్మెకు రాలేదు. అతను సీక్రెట్ ఏజెంట్. పక్క విస్తరి ముందు అలాంటి కండువాతోనే కూర్చున్నది అతని చీఫ్ సాంబమూర్తి. ఆయనది భీమవరం. గట్టిగా మాట్లాడితే యాస బయటపడుతుందని బ్రీఫింగ్ మొత్తం ముద్దల మధ్య గుసగుసగా సాగింది.

ఆ ఉదయం విదేశీ ముఠా సందేశం ఒకటి డీకోడ్ అయింది. సాయంత్రం ఒక తెలంగాణ మనిషి నడిపే విమానం, వేలమంది చూస్తుండగా, సొంత దేశపు తుపాకీకే కూలాలి. అదీ ప్లాన్. ఊరి శివార్లలోని రక్షణ ప్రయోగశాల చుట్టూ నిషిద్ధ గగనతలం ఉంది. క్లియరెన్స్ నంబర్ లేకుండా ఆ గీత దాటిన విమానాన్ని కాల్చేయమని కొత్త ఆర్డర్. గీతను ఆనుకునే మన్సూరాబాద్‌లో ఆ సాయంత్రం అమరుల సభ. అక్కడ ఒక్క విమానం కూలితే తెల్లారేసరికి నగరం తగలబడుతుంది.

"పైలట్లకు నంబర్లు తెప్పించే ఏజెన్సీ దిల్‌సుఖ్‌నగర్‌లో ఉందండి. వాసంతి నడుపుతోంది. మన జీతం తీసుకునే మనిషే. మూడు రోజులుగా పలకట్లేదు" అన్నాడు సాంబమూర్తి.

వడ్డిస్తున్న ముసలమ్మ ఆ 'అండి'కి తల తిప్పింది. "గీనెది ఏ ఊరు బిడ్డా?"

"మా కాకకు నోట్ల పుండు లేసిందమ్మా, మాట సక్కగ రాదు" అన్నాడు మహిపాల్.

ఆమె జాలిపడి సాంబమూర్తి విస్తరి పక్కన గ్లాసెడు మజ్జిగ పెట్టి పోయింది. ఆయన తలెత్తకుండా తాగాడు.

ఆటోలు కూడా లేవు. మహిపాల్ నడిచి, పరుగెత్తి, దిల్‌సుఖ్‌నగర్ చేరేసరికి నాలుగూ ఇరవై తొమ్మిది. కోచింగ్ సెంటర్ మీద మూడో అంతస్తు. కరెంటు లేదు. ఇన్వర్టర్ కీచుమంటోంది. బల్ల వెనక వాసంతి పోచంపల్లి పట్టుచీరలో, ఎర్రటి పెదాలతో, సినిమా పోస్టర్‌లా కూర్చుని ఉంది.

"గన్నవరం ఫ్లైట్ ఎన్నింటికి మేడం?" కోడ్ ప్రశ్న.

'సమ్మె అయినంక' అని ఆమె జవాబు చెప్పాలి.

"నాలుగు నలభైకి" అంది.

ఆమె చేతిలోని లిప్‌స్టిక్ మూత తిప్పేలోపే మహిపాల్ ఆమె మణికట్టు మెలిపెట్టి పట్టుకున్నాడు. గొట్టంలో ఉన్న ఒక్క తూటా సీలింగ్‌లోకి పోయింది. అతను ఉదయం డీకోడ్ అయిన సందేశం కాగితం ఆమె ముందు పెట్టాడు. 'కూలాలి' అన్న మాట దగ్గర ఆమె చూపు ఆగిపోయింది.

"కాల్చరన్నరు. బెదిరిచ్చి దించుతరన్నరు."

"ఎవరు పైన?"

"మార్కండేయులు."

పోచంపల్లి నేతకారుల కొడుకు. దిల్‌సుఖ్‌నగర్‌లో రెండు చీరల దుకాణాలుంటే ఒకటి అమ్మి రెండు సీట్ల పాత విమానం కొన్నాడు. ఇరవై నిమిషాలు ఎగరడానికి నాలుగు రోజులు మూడు ఆఫీసులు తిరిగేవాడు. నంబర్ ఆ ఒక్క రోజుకే చెల్లుతుంది. మబ్బు పడితే మళ్లీ మొదటి నుంచి. తిరిగి తిరిగి అలసిపోయి పని వాసంతికి అప్పగించాడు. ఈ రోజు సభ మీద పూలు చల్లడానికి బయల్దేరాడు. ఆమె ఇచ్చిన నంబర్ దొంగది. ఆమె గీసిన దారి నాలుగూ నలభైకి గీత దాటుతుంది. రేడియోను ముఠా మెకానిక్ పాడు చేశాడు. విమానం లేచింది నాలుగూ ఇరవై అయిదుకు.

"ఒచ్చినప్పుడల్లా, తిన్నవా బిడ్డా అనేటోడు" అంది వాసంతి, గోడకేసి చూస్తూ.

మహిపాల్ చీఫ్‌కు ఫోన్ చేసి తుపాకులు ఆపించమన్నాడు. మనమెవరమో తుపాకుల దగ్గరున్నవాళ్లకు తెలియకూడదని, వాళ్లు నంబర్ ఉందా లేదా అన్నదే చూస్తారని సాంబమూర్తి ఎంతో మర్యాదగా చెప్పాడు. నంబర్ కావాలంటే పైలట్ సంతకం చేసిన ఫారం కావాలి.

వాసంతి బీరువా తెరిచింది. లోపల కట్టలు కట్టలుగా ఖాళీ ఫారాలు. అన్నింటి కిందా సంతకాలు. తిరగలేక పైలట్లందరూ అలాగే చేసిపెట్టి పోయారు. నిబంధన ఎంత బిగిస్తే ముఠాకు అంత సందు దొరికింది. ఆమె మార్కండేయులు ఫారం లాగింది. మహిపాల్ నింపి ఫ్యాక్స్‌లో పెట్టాడు. నాలుగూ ముప్పై అయిదు.

క్లియరెన్స్ సెల్ నుంచి వెంటనే ఫోన్. తేదీ వేయలేదు, తిప్పి పంపుతున్నాం.

తేదీ వేసి మళ్లీ పంపాడు. మళ్లీ ఫోన్. టైమ్ తప్పు.

"టైమ్ సరిగ్గానే ఉంది, నాలుగూ ఇరవై అయిదు!"

వాసంతి పెన్ను లాక్కుంది. "ఆళ్లకు మన టైమ్ పనికిరాదు. లండన్ టైమ్ గావాలె. అయిదున్నర గంటలు తీసెయ్." కొట్టేసి పది యాభై అయిదు అని రాసింది. కాగితం అంగుళం అంగుళంగా జారింది. ఇన్వర్టర్ ఆఖరి కూత పెట్టింది. నాలుగూ ముప్పై తొమ్మిదికి నంబర్ వచ్చింది. అదే క్షణంలో ఫ్యాక్స్ చచ్చిపోయింది.

నంబర్ తుపాకీ దాకా చేరిందో లేదో తెలియదు. మహిపాల్ సెల్ మోగింది. సాంబమూర్తి.

"విమానం సంగతి ఇంకా తెలియదండి. ముందువైపు మెట్ల కింద ముఠా మనిషి ఒకడున్నాడు. అమ్మాయి కోసమే. వాడు తుపాకీ ఎత్తితేగాని ఎవడో తెలియదు, మనకు దొరకడు. ఆమెను అటే పంపండి."

"వెనక మెట్లున్నయి సార్."

"ముందు మెట్లేనండి."

వాసంతి అతని మొహమే చూస్తోంది. "దిగిండా?"

"దిగిండు" అన్నాడు మహిపాల్. "నిన్నే అడిగిండట, తిన్నదా అని."

ఆమె నవ్వింది. కుచ్చిళ్లు సర్దుకుంది. అతను తలుపు తీసి పట్టుకున్నాడు. ఆమె నాలుగు మెట్లు దిగింది.

చప్పుడు పెద్దగా రాలేదు. ఆమె మెట్ల మీదే ఒరిగిపోయింది. తుపాకీతో ఉన్నవాణ్ణి మనవాళ్లు అక్కడే పట్టుకున్నారు. చీకటి పడేలోపు ముఠా మొత్తం దొరికింది. మన్సూరాబాద్ సభ మీద మాత్రం బంతిపూలు పడ్డాయి. జనం పైకి చూసి చేతులూపారు.

తొమ్మిది రోజుల తర్వాత, పొద్దు వాలే వేళ, మహిపాల్ బాటసింగారం అవతల ఉన్న చిన్న రన్‌వేకి ఒక కవరు తీసుకుపోయాడు. మార్కండేయులు హ్యాంగర్‌లో రెక్క తుడుస్తున్నాడు. కవరులో ఎంక్వైరీ ఆర్డర్ ఉంది. నంబర్ వచ్చింది నాలుగూ ముప్పై తొమ్మిదికి. విమానం లేచింది నాలుగూ ఇరవై అయిదుకి. ఆ పద్నాలుగు నిమిషాలు అనుమతి లేని, కాల్చేయదగ్గ ప్రయాణం. పైగా ఖాళీ ఫారం మీద ముందే సంతకం చేయడం వేరే నేరం. సాక్ష్యం, మహిపాల్ పంపిన ఆ ఫ్యాక్సే. పైలట్ లైసెన్స్ శాశ్వతంగా రద్దు.

మార్కండేయులు రెండుసార్లు చదివాడు.

"ఆ పిల్ల ఎట్లున్నది సారూ? వాసంతి."

"ఊరికి పోయింది అన్నా."

"మంచిదే." కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో దాచుకున్నాడు. "సారూ, ఒక్క మాట. ఆ రోజు నన్ను కాల్చాలంటే మీవోళ్లు ఎన్ని ఫారాలు నింపాలె?"



"ఒక్కటి గూడ లేదన్నా."

మార్కండేయులు తలూపాడు, లెక్క సరిపోయినట్టు. రెక్క మీద తుడుపుగుడ్డ ఆరేశాడు. లైటు ఆర్పి, నిద్రపోయే బిడ్డ ఉన్న గదిలా, హ్యాంగర్ తలుపు చప్పుడు కాకుండా మూశాడు.