అరవై మూడు సార్లు ‘వద్దు’

“మీరిలా వెనకాల కూర్చుని గుడ్లప్పగించి చూస్తుంటే నేను పనెలా చేసుకోవాలండీ?”

ఆమె నాతో అన్న మొదటి మాట అది.

“చూడటమే నా పనండీ,” అన్నాను.

“దీనికి జీతం కూడా ఇస్తారా?”

“ఇస్తారు.”

“అదృష్టవంతులు!” అని మళ్ళీ కంప్యూటర్ వైపు తిరిగింది.

నేను డిజైనర్ని. సైంటిస్టులు వాడే సాఫ్ట్‌వేర్‌ని వాళ్ళకి సులువుగా ఉండేలా మార్చడం నా ఉద్యోగం. ముందు రెండు వారాలు వెనక కూర్చుని, వాళ్ళు ఎక్కడ నొక్కుతున్నారో, ఎక్కడ విసుక్కుంటున్నారో రాసుకోవాలి. సాయం చేయకూడదు. ఆ తర్వాత ఒక్కొక్కటీ ‘ఎందుకిలా చేశారు?’ అని అడగాలి.

ఆమెది మొక్కల వేళ్ళ మీద పరిశోధన. నీళ్ళు తగ్గితే వేరు మీది సన్నని నూగు ఏమవుతుందన్నది విషయం. రంగు పట్టించిన వేళ్ళని మైక్రోస్కోప్ కింద ఫోటోలు తీసి, ఒక్కో ఫోటో తెరిచి నూగు లెక్కపెట్టి, అది ఎంత వెలుగుతోందో కొలుచుకునేది. వచ్చే నెలాఖరుకి థీసిస్ ఇవ్వాలి.

నా నోట్‌బుక్‌లో ఉన్నది: ఒక్క రోజులో ‘మార్పులు సేవ్ చేయాలా?’ అన్న పెట్టె తెర మీదికి అరవై మూడు సార్లు వచ్చింది. అరవై మూడు సార్లూ ఆమె ‘వద్దు’ నొక్కింది. నోట్‌బుక్‌లో లేనిది: విసుగొస్తే పెన్ను జడలో దోపుకునేది, తర్వాత దాని కోసం బల్లంతా వెతికేది.

ఒకరోజు ఉన్నట్టుండి వాన. కిటికీలోంచి జల్లు స్లైడ్‌ల పెట్టె మీద పడుతుంటే ఇద్దరం ఒకేసారి లేచాం. తలలు ఠక్కున కొట్టుకున్నాయి.

“సాయం చేయకూడదన్నారుగా?” అంది నుదురు రుద్దుకుంటూ.

“పెట్టెకి చేశానండీ, మీక్కాదు.”

మొదటిసారి నవ్వింది. నా పని అంతటితో చెడింది.

ఎందుకంటే ప్రశ్నలు అడగాల్సిన రోజు ఆమె ఎదురుగా నాకు నోరు పెగల్లేదు. నాలుగడిగి, మిగతావన్నీ అర్థమైనట్టు తలూపి వచ్చేశాను. ‘వద్దు’ సంగతి ఆ మిగతావాటిలో ఉండిపోయింది. పాపం ఎన్నిసార్లని నొక్కుతుందని ఆ పెట్టె తీసేసి, దానంతటదే సేవ్ అయ్యేలా పెట్టాను. చూసి సంతోషిస్తుందని నా ఆశ.

పది రోజుల తర్వాత ఆమె తన గైడ్ గదిలోంచి ఎర్రబడ్డ కళ్ళతో బయటికొచ్చింది.

“ఏమైందండీ?”

“ఫోటోలు పాడయ్యాయి. మూడొందల పైనే! నూగు కనబడదని వెలుగు పెంచి చూస్తాను, చూశాక ‘వద్దు’ నొక్కి పాత వెలుగుతోనే మూసేస్తాను. అసలు వెలుగు ఎంతుందన్నదే నా లెక్కంతా. ఇప్పుడన్నీ పెంచినట్టే ఉండిపోయాయి, కాపీలతో సహా. నేనే అజాగ్రత్తగా సేవ్ చేశానంటున్నారు సారు. థీసిస్ వచ్చే ఏడాది ఇద్దువులే అన్నారు.”

పాడుచేసింది నేను పెట్టిన కొత్త పద్ధతే. నోరు మూసుకుంటే నా ఉద్యోగానికి ఢోకా లేదు, ఆమె నవ్వూ నాకుంటుంది. ఆమెకి మాత్రం ఏడాది పోతుంది. భయం వేసింది. అయినా తలుపు తోసుకుని లోపలికెళ్ళాను.

“తప్పు నాది సార్. సేవ్ చేసింది ఆవిడ కాదు, నేను పెట్టిన పద్ధతి. ఎందుకు ‘వద్దు’ అంటున్నారని అడగాల్సింది. అడగలేదు.”

“అదే కదయ్యా నీ ఉద్యోగం?”

“అవును సార్.”

నన్ను ఆ పనిలోంచి తీసేయమని సారు అప్పటికప్పుడే మా ఆఫీసుకి రాశారు. స్లైడ్‌లు ఇంకా ఫ్రిజ్‌లోనే ఉన్నాయి కాబట్టి, రంగు వెలిసేలోగా మళ్ళీ ఫోటోలు తీసుకొమ్మని ఆమెకి ఐదు రోజులిచ్చారు.

ఆమె గుమ్మంలో నిలబడి అంతా వింది.

“ఎందుకడగలేదు?”

“మీరెదురుగా ఉంటే మాట రాలేదండీ.”

వెనక్కి తిరిగి వెళ్ళిపోయింది.

మర్నాడు సెలవు పెట్టి ఆమె ల్యాబ్‌కి వెళ్ళాను. పలకరించలేదు, పొమ్మనీ అనలేదు. స్లైడ్‌ల ట్రే నావైపు జరిపింది. నేను స్లైడు తుడిచి, నంబరు చదివి అందిస్తే ఆమె ఫోటో తీసేది. మొదటి రోజు నంబర్లు తప్ప మాటల్లేవు. రెండో రోజు “తుడవడం బాగానే వచ్చే!” అంది. నాలుగో రోజుకి “కాఫీ తాగుతారా?” దాకా వచ్చాం.

ఐదో రోజు మధ్యాహ్నం ఆఖరి స్లైడు అయిపోయింది. ఆమె థీసిస్ గట్టెక్కింది. అంతలో వాళ్ళ నాన్నగారు క్యారియర్ పట్టుకుని వచ్చారు. బస్సు డ్రైవరుగా రిటైరైన మనిషి. నన్ను ఎగాదిగా చూశారు.

“ఇతనేనా అమ్మా, ఫోటోలు పాడుచేసింది?”

“అవును నాన్నా.”

“సారు దగ్గర ఒప్పుకుందీ ఇతనేనా?”

“ఇతనే.”

“అయితే కూర్చో బాబూ, తిందువుగాని.”

“పర్లేదండీ, నేను బయట తింటాను.”

“ఇంకా బయటేంటయ్యా! మూడు రోజుల నుంచీ ఇద్దరికి సర్దమని వాళ్ళమ్మని సతాయిస్తోంది. సాయంత్రం చూస్తే ఒకరి భోజనం అలాగే వెనక్కొస్తోంది. నిన్ను పిలవడానికి మొహమాటమట. ఇక లాభం లేదని నేనే బయల్దేరాను.”

“నాన్నా!” అంది ఆమె. చెవులు ఎర్రబడ్డాయి.

ఇక ఆగలేదు. “మీరంటే నాకు చాలా ఇష్టమండీ. మిమ్మల్ని పెళ్ళి చేసుకోవాలనుంది. మీరేమంటారు?” అని పెద్దాయన ముందే అడిగేశాను.

“ముందు తినండి, చల్లారిపోతుంది.”

“అడిగినదానికి జవాబు చెప్పమ్మా,” అన్నారాయన.

“ఇష్టం లేకపోతే మూడు రోజులు అంత బరువు మోసుకొస్తానా?” అంది తల దించుకుని.

పెద్దాయన క్యారియర్ విప్పి, మొదటి గిన్నె నా ముందు పెట్టారు.